అప్పు తెచ్చిన మంచు

పొందూరులో పత్తి ఏకడానికి
వాలుగ చేప దవడ వాడతారు.
సన్నటి పళ్ళ వరస, ఏ దువ్వెనా సాటిరాదు.
అందుకే మా చర్చిలో మంచు
దగ్గరికెళితే కాస్త నీసు కొడుతుంది.

"టీచరమ్మా, మంచుకి సేప వాసనేటి?"
యోబు ముక్కు మూసుకున్నాడు.
వాడికి ఏడేళ్ళు. గొర్రెల కాపరి వేషం.
జారిపోతున్న గడ్డం కూడా
అదే పత్తి.

డిసెంబరు మూడోవారం
సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి
ఇసక పోసిన నూనెడబ్బాలో నిలబెడతాం.
నేను సైకిలెక్కి అసిరమ్మ ఇంటికెళతాను.
ఆమెది మా సంఘం కాదు, మా వీధీ కాదు.
రాట్నం ఆపకుండానే అడుగుతుంది,
"ఈయేడు ఎంత మంచు కావాలమ్మా?"
"పావుకిలో."
"నిరుడు కొవ్వొత్తి అంటించీసి సగం కాల్సినారు.
పండగెల్లాక తెచ్చీయాల. ఇది అప్పు."

విశాఖలో నురగ డబ్బాలున్నాయట,
నొక్కితే మంచే మంచట.
ఒక ఏడాది కమిటీవాళ్ళు తెచ్చారు.
తెల్లారేసరికి పెచ్చులు పెచ్చులై
మరియమ్మ ఒళ్ళో రాలింది.
పిల్లలు దాన్ని రుచి చూశారు కూడా.

నాకు తెలిసిన మంచులు వేరు.
నాగావళి మీంచి లేచి బస్సుల్ని దారిలో ఆపేసేది మంచు.
కంది ఆకు మీద నిలిచి చీర అంచు తడిపేది మంచు.
తమ్ముడు దానియేలు తుపాకీతో కాపలా కాసే కొండమీద
మోకాలిదాకా దిగబడేదీ మంచేనట.
మా భాష మూడింటికీ ఒకే మాట ఇచ్చి ఊరుకుంది.

మొదటిసారి కురిసినప్పుడు వాడు నోరు తెరిచి పట్టాడు.
"ఏటీ రుచి లేదక్కా, కిరసనాయిలు వాసన తప్ప."
అక్కడ వాడికి అన్నీ ఉన్నాయి,
గ్రీటింగు కార్డులో ఉన్నవన్నీ,
దేవదారు చెట్లు కూడా.
ఫోనులో మాత్రం
అరిసెల పాకం ముదిరిందా లేదా అని
మూడుసార్లు అడిగాడు.
తర్వాత గాలి చప్పుడు.
తర్వాత ఏమీ లేదు.

ఆ రాత్రే పాటలు పాడుతూ ఊళ్ళు తిరిగాం.
మంచుకి డప్పు మెత్తబడిపోయి
ఎంత కొట్టినా పిడకమీద దెబ్బలా ఉంది.
గట్టు దిగి కుప్పనూర్చిన కళ్ళంలో
గడ్డిమంట వేసి కాచాడు జక్కరయ్య.
తోలు బిగిసింది. ఒక్క దెబ్బ వేశాడు.

కోత కోసిన మడిలో
ఎరువుకని కట్టిన గొర్రెల మంద.
కంబళిలోంచి ఒక ముసలాయన లేచి కూచున్నాడు.
అర్ధరాత్రి డప్పంటే
ఆయనకి తెలిసిన అర్థం ఒకటే.
"ఎవులు బాబూ? ఎవులు పోనారు?"

ఎవరం మాట్లాడలేదు కాసేపు.
హార్మనీ పెట్టె మోస్తున్న కరుణమ్మ
ఆయాసపడుతూ చెప్పింది,
"పోనేదు తాతా. పుట్టినాడు."

"ఓలి! మగ గుంటడేటి?"
అని ఆయన నవ్వాడు.
"సల్లగుంది, బిడ్డకి కప్పండి" అని
మళ్ళీ పడుకున్నాడు.

ఒక గొర్రె మాత్రం
మా పెట్రోమాక్సు కేసి చూస్తూ ఉండిపోయింది.

జనవరి రెండున పత్తి దులిపి సంచిలో వేశాను.
అందులో చెమ్కీ, సరుగుడు ముళ్ళు,
యోబు గడ్డంలోంచి ఊడిన జిగురు.
అసిరమ్మ తూకం చూసింది. తగ్గింది.
"ఎంత కరిగిపోనాది!" అంది, నవ్వకుండానే.
చెమ్కీ ఏరుతూ దవడ అందుకుంది.

ఆ పత్తి ఇప్పటికి నూలయ్యుంటుంది,
బట్టయ్యుంటుంది.
ఎండలు ముదిరాక
శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సుకోసం నిలబడి
ఎవరో ముఖం తుడుచుకుంటే
తెల్లటి ఆ ఉత్తరీయం కేసి
కొంచెం ఎక్కువసేపే చూస్తాను.
ఎక్కడైనా ఒక చెమ్కీ మెరుస్తుందేమోనని.